రెండో పుస్తకంలో లేని దీపం

కరోనా సెలవులు ముగిసి పిల్లలు మళ్లీ కుదురుగా బడికి వస్తున్న రోజులు. 2023లో ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. అనంతపురం పాత ఊరిలో, ఒక మేడ మీద మూడు గదుల్లో మా పిల్లల పుస్తకాల సంస్థ నడుస్తోంది. ఇప్పటికీ అక్కడే ఉంది. నేను అందులో ఎడిటర్‌ని.

ఎడిటర్ అంటే అచ్చుతప్పులు దిద్దే మనిషి అని మా చుట్టాల్లో సగం మంది అనుకుంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. మా నాయన గుంతకల్లులో గూడ్సు బండి గార్డు. బండి కదిలే ముందు చివరి పెట్టె దాకా నడిచి చూసి వచ్చేవాడు. నా పనీ అదే. పుస్తకం కదిలే ముందు చివరి పెట్టె దాకా నడవాలి. ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్నాను. ఎన్ని పుస్తకాలు వచ్చినా, ఎవరైనా "మీ వృత్తిలో మరిచిపోలేనిది చెప్పండి" అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక బావి. 

మా దగ్గర ఒక పాత పుస్తకం ఉంది, "సుంకి" అని. రాసినాయన ఈ జిల్లాలోనే ఒక పల్లెలో బడి పంతులు. అందరూ ఐవారు అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కథ చిన్నదే. కరువొచ్చిన ఏడాది. సుంకి అనే అమ్మాయి పెంచుకునే మేకపిల్ల ఎండిపోయిన కపిల బావిలో పడుతుంది. కపిల బావి అంటే ఒకప్పుడు ఎద్దులను కట్టి తోలు బానతో నీళ్లు తోడిన పెద్ద రాతి బావి. సుంకి దిగుతుంది. అడుగున ఒక తలుపు కనిపిస్తుంది. తలుపు వెనక ఎవరో వానను దాచి తాళం వేశారు. సుంకి వానను విడిపించుకుని పైకి వస్తుంది, కానీ మేకపిల్ల తలుపు అవతలే ఉండిపోతుంది. అంతే, కథ అయిపోతుంది. ఐవారికి ఎంత గుండె ధైర్యమో చూడండి, పిల్లలకు రాసి మేకపిల్లను వదిలేశాడు!

మా జిల్లాలో అమ్మలు చదివి, వాళ్ల పిల్లలు చదివి, అందరూ ఒకటే అడుగుతారు: మేకపిల్ల ఏమైంది? పుస్తకాల ఎగ్జిబిషన్లలో మా స్టాలు ముందు నిలబడి నన్ను నిలదీసినవాళ్లున్నారు. నేనేదో దాన్ని అమ్ముకున్నట్టు.

అందుకే రెండో భాగం వేద్దామనుకున్నాం. మా భాషలో దాన్ని సీక్వెల్ అంటాం. మొదటి రచయితే రాస్తే ఒక తిప్పలు, వేరే రచయిత రాస్తే వంద తిప్పలు. ఒకరు ఉండి వెళ్లిన ఇంట్లో ఇంకొకరు కాపురం పెట్టినట్టు. గూట్లో ఏదో ఉంటుంది, ఎందుకుందో తెలియదు, అడ్డమొచ్చిందని తీసి పారేస్తారు. అందుకే కంటిన్యుయిటీ అని ఒక పని ఉంటుంది. మొదటి పుస్తకంలో ఉన్నవి రెండోదాంట్లో తారుమారు కాకుండా చూడటం. సుంకి జడ ఒకటా రెండా, వాళ్ల అవ్వకు ఏ కన్ను కనపడదు, ఇలాంటివి.

ఐవారి కూతురు రాయడానికి అనుమతి ఇచ్చింది. "మా నాయన మాదిరే రాయాలని లేదు. సుంకి సుంకి మాదిరి ఉంటే చాలు" అంది. రాసేందుకు మాధవి గారిని అడిగాం. రాజమండ్రి ఆడపడుచు, హైదరాబాదులో ఉంటారు. పిల్లలకు రాయడంలో చేయి తిరిగిన మనిషి. చిన్నప్పుడు సుంకి చదివి మేకపిల్ల కోసం ఏడ్చానన్నారు. ఆ మాట విని ఒప్పుకున్నాను.

రాత బాగా వచ్చింది. నిజం చెప్పాలి, మొదటి ప్రతి చదువుతూ నేను రెండు చోట్ల ఏడ్చాను. సుంకి పెద్దదై, మేకపిల్లను తెచ్చుకోవడానికి మళ్లీ అదే బావి దిగుతుంది. చివరి వాక్యం కూడా పిల్లల మనసులో నాటుకునేది: "మీ ఊరి పాత బావిలోనూ ఒక తలుపు ఉండే ఉంటుంది." భలే ముగింపు అనుకున్నాను ఆ రోజు. తరువాత ఒక వారం నేను వేరే పుస్తకం అచ్చు పనికి శివకాశి పోయాను. పేజీలు ఎక్కువయ్యాయని మా డిజైనర్ అంటే, మాధవి గారు కొంచెం కుదించి నేరుగా అతనికే పంపారు. తిరిగొచ్చాక ఆ కోతలు నేను చదవలేదు. ఇదంతా మా పనిలో మామూలే.

మా సంస్థకు ఒక అలవాటుంది. పుస్తకం అచ్చుకు పోకముందు డమ్మీ కాపీలు చేయిస్తాం. అంటే జిరాక్సు తీసి కుట్టించిన ఉత్తుత్తి పుస్తకాలు. వాటిని ఏదో ఒక పల్లె బడికి పంపిస్తాం. పిల్లలు ఇళ్లకు తీసుకుపోయి వారం రోజులు చదువుకుంటారు. తరువాత మేం పోయి కూర్చుని వాళ్ల మాట వింటాం. ఫీల్డ్ టెస్టింగ్ అంటారు దీన్ని. పిల్లలు మొహమాటపడరు. బాగాలేకపోతే బాగాలేదంటారు.

ఈసారి డమ్మీలు బెళుగుప్ప మండలంలో ఒక పల్లె బడికి పోయాయి. హెడ్మాస్టరు వన్నూరప్ప సారు మాకు పాత పరిచయం. వారం గడిచాక నేనూ మాధవి గారూ అనంతపురం నుంచి బాడుగ కారులో పొద్దున్నే బయలుదేరాం. నాకున్న భయమల్లా ఒకటే. ఇది అసలు సుంకి కాదని పిల్లలు తిప్పికొడతారేమోనని. ఆ భయం ఎంత చిన్నదో ఇంకో గంటలో తెలిసింది.

కూడేరు దాటినాక మాధవి గారు కుదించిన చోట్ల గురించి చెప్పుకొస్తున్నారు. కిటికీలోంచి గాలిమరలు చూస్తూ, మాటల్లో మాటగా అన్నారు: "ఆ దీపం సీను కూడా తీసేశానండి. పూజలా ఉంది, కథ ఆగిపోతోంది. సుంకి గబగబా దిగిపోతేనే బాగుంది."

"ఏ దీపం?" అన్నాను.

"అదేనండీ, అవ్వ గంగమ్మా అనుకుంటూ లాంతరు బావిలోకి దింపుతుంది కదా. నివేదన లాంటిది."

 మొదటి పుస్తకంలో ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. అవ్వ లాంతరు వెలిగించి, బొక్కెనలో పెట్టి, తాడుతో బావిలోకి దింపుతుంది. అది అడుగున వెలుగుతూ కూర్చుంటుంది. అప్పుడు అవ్వ, "ఇంక పో తల్లీ" అంటుంది.

అది పూజ కాదు. ఏళ్ల తరబడి ఎవరూ దిగని బావి అడుగున చెడుగాలి చేరుతుంది. అందులో మనిషికి ఊపిరి ఆడదు. అరిచే వీలు కూడా ఉండదు, తూలి పడిపోతాడు. వాడిని తీయబోయినవాడూ పడిపోతాడు. అందుకే పూడిక తీసే ముందు మా పక్క దీపం దింపి చూసేవాళ్లు. దీపం నిలిస్తే దిగాలి, ఆరితే దిగకూడదు. ఐవారు ఆ కారణం ఎక్కడా రాయలేదు. ఆయన రాసిన కాలంలో ఇక్కడి పిల్లలకు చెప్పక్కర్లేదు. అన్నం ఎట్లా తినాలో ఎవరైనా రాస్తారా? తరువాత బోర్లు వచ్చాయి, కపిల బావులు ఎండిపోయాయి, వాటిలో దిగే మనుషులు పోయారు. దీపం సంగతి ఇప్పుడు సుంకి పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. రెండో పుస్తకంలో అది కూడా లేదు.

ఇదంతా చెప్పేసరికి మాధవి గారు కిటికీ వదిలి నా వైపు తిరిగారు. "పుస్తకం ఇంకా అచ్చు కాలేదు కదండీ, పెట్టేద్దాం" అన్నారు.

"అచ్చు కాలేదు. కానీ పిల్లల చేతుల్లో వారం నుంచి ఉంది" అన్నాను.

ఆ పల్లె చుట్టూ ఎన్ని పాత బావులున్నాయో నేను చూశాను. పైగా ఆ చివరి వాక్యం, మీ ఊరి బావిలోనూ తలుపు ఉండే ఉంటుందని.

వన్నూరప్ప సారుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఆ తరువాత సిగ్నల్ పోయింది. డ్రైవరును తొందరపెట్టాను. అతను గుంతలు చూపించి, "బండి పల్టీ కొడితే ఎవరూ పోలేం మేడం" అన్నాడు. సిగ్నల్ వచ్చిందేమోనని ఫోన్ చూస్తూ కూర్చున్నాను.  మాధవి గారు కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నారు.

ఉరవకొండ దగ్గర సిగ్నల్ వచ్చింది. వెంటనే సారే చేశాడు.

"ఫోన్ బ్యాగులో ఉండె మేడం. మీరు వస్తారని పిల్లోళ్లను కూర్చోబెట్టినా. ఐదో తరగతిలో ముగ్గురు రాలేదు. ఇంట్లోనుంచి బడికనే బయలుదేరినారంట" అన్నాడు.

"ఎవరు సార్?"

"నాగవేణి, మంజుల, నవీను. మీకేదో చూపిస్తామని నిన్నంతా గుసగుసలాడుకుంటాండిరి."

 ఏం చూపిస్తారో నాకు తెలిసిపోయింది. కథ రాసినామె వస్తోందని, ఆమెకు తలుపు చూపించాలని పోయారు. సారుకు రెండు ముక్కల్లో చెప్పాను. బావుల దగ్గరికి పొమ్మన్నాను. ఎవరినీ దిగనివ్వొద్దని, పిల్లలు లోపల ఉన్నా సరే ఎవరూ గబుక్కున దిగొద్దని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.  "సరే" అని ఫోన్ పెట్టేశాడు.

మేం చేరేసరికి బడి ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. నవీన్ వాళ్ల అమ్మ చెనక్కాయలు వలిచే పనిలోంచి అట్లాగే వచ్చేసింది. చీర నిండా పొట్టు. "ఏమైనాది మేడం? ఆ పుస్తకంలో ఏముండాది?" అని నా చేయి పట్టుకుంది.  ఆమె చేయి వదలకుండానే బావుల వైపు నడిచాను. అంతకు మించి నాకు చేతకాలేదు.

ఊరి దగ్గరి బావిలో ఎవరూ లేరని సారు అప్పటికే చూసి వచ్చాడు. రెండోది నాగవేణి తాత చేనులో ఉంది. ఊరివాళ్లు మా వెనకే వస్తున్నారు. దారంతా కంప. నా చీరకు ముళ్లు పట్టుకుంటున్నా ఆగలేదు. ముందు పోతున్న వన్నూరప్ప సారు ఉన్నట్టుండి నిలబడిపోయాడు. బావి గట్టు మీద మూడు జతల చెప్పులు ఉన్నాయి. గుడి ముందు విడిచినట్టు, వరుసగా.

 బావిలోకి తొంగి చూడాలి, చూడలేను. వెనక నుంచి మాధవి గారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు, గోళ్లు దిగేలా. పక్షి కూడా అరవలేదు. గాలిమర రెక్క తిరిగే శబ్దం ఒక్కటే, దూరంగా.

అప్పుడు కంప వెనక నుంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. ఏడుస్తోంది, తిడుతోంది కూడా. "రారా నాయనా, నీకు మొక్కుతా. పైకి రారా."

నాగవేణి. బావికి అటుపక్క, మెట్లు మొదలయ్యే చోట, మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతిలో తాడు. తాడు చివర చిన్న ప్లాస్టిక్ బొక్కెన, అందులో దీపావళి ప్రమిద. మంజుల పక్కన నిలబడి ఉంది. మెట్ల కింద, చాలా కింద, నవీన్ నీలం చొక్కా కనిపించింది.

ఆ బావి పైన వెడల్పు. కరువు వచ్చినప్పుడల్లా అడుగును ఇంకా లోతుకు తవ్వుకుంటూ పోయారు కాబట్టి కింద సన్నగా, చీకటిగా ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట ఒక రాతి అరుగు. నవీన్ ఆ అరుగు మీద కూర్చున్నాడు. కాళ్లు చీకట్లోకి వేలాడేశాడు.

వాళ్ల అమ్మ అరవబోయింది. సారు ఆమె నోటికి చేయి అడ్డం పెట్టాడు. అరిస్తే వాడు కంగారులో కిందికి జారతాడని ఆయన భయం.  కానీ పైకి ఏమీ తెలియనివ్వలేదు. బడిలో హాజరు పిలిచే గొంతుతోనే పిలిచాడు.

"నవీనూ, కథ రాసిన మేడం వచ్చినాది. నిన్ను చూడల్లంట. పైకి రా."

వాడు తల ఎత్తి చూశాడు. "తలుపు ఈడనే ఉండాది సార్, ఇంకొంచెం కిందికి పోతే. కాళ్లు బరువుగా ఉండాయి" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"తలుపు మళ్లీ చూద్దాం. గోడ పట్టుకో. మెల్లగా ఒక్కో మెట్టు."

వాడు లేచి నిలబడటానికి పట్టిన సమయం నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైంది. ఒకసారి తూలాడు. పక్కన ఎవరో "అల్లా" అన్నారు, ఎవరో "గంగమ్మా" అన్నారు. మాధవి గారు ముఖం దాచుకున్నారు. వాడు గోడ పట్టుకున్నాడు. ఒక మెట్టు ఎక్కాడు, ఆగాడు, ఇంకోటి ఎక్కాడు. గాలి బాగున్న చోటికి వచ్చాక సారు దిగి వాడి చొక్కా పట్టి లాక్కొచ్చాడు. గట్టు మీదికి రాగానే వాడు భళ్లున వాంతి చేసుకున్నాడు. తలనొప్పి అన్నాడు. వాళ్ల అమ్మ వాడిని వాటేసుకుని, వీపు మీద నాలుగు దెబ్బలు వేసి, మళ్లీ వాటేసుకుంది. బెళుగుప్ప ఆసుపత్రికి మా కారులోనే పంపాం. సాయంత్రానికి తేరుకున్నాడు.

కారు పోయాక మాధవి గారు వన్నూరప్ప సారును అడిగారు, ఆ దీపం ఒకసారి దింపి చూపించమని. ఆయన ప్రమిద వెలిగించి దింపాడు. నవీన్ కూర్చున్న అరుగు దాకా దీపం వెలుగుతూనే పోయింది. అరుగు దాటి ఇంకొంచెం దిగగానే ఆరిపోయింది. రెపరెపలాడనైనా లేదు. ఎవరో చిటికెతో నలిపినట్టు పోయింది. ఆమె ఇంకోసారి దింపమన్నారు. మళ్లీ అక్కడే పోయింది. ఆమె గట్టు మీద కూలబడి, "నేను సుంకిని గబగబా దింపేశానండి అందులోకి" అన్నారు. నాకు ఆమెను ఓదార్చే ఓపికా లేదు, తిట్టే మనసూ రాలేదు.

జరిగిందంతా మంజుల చెప్పింది. నాగవేణి ప్రమిద తెచ్చి దింపింది, ఆరింది. మళ్లీ దింపింది, మళ్లీ ఆరింది. గాలికి ఆరిందిలే అన్నాడు నవీన్. దీపం ఆరితే దిగకూడదని నాగవేణి పట్టుబట్టింది. పుస్తకంలో దీపమే లేదని వాడు కొట్లాటకు దిగాడు. అవును, వాడి చేతిలో ఉన్న పుస్తకంలో లేదు. సుంకి చెప్పులు విప్పి దిగుతుంది కాబట్టి వీళ్లూ చెప్పులు విప్పారు. నవీన్ తాడు లేకుండానే దిగిపోయాడు. అరుగు దగ్గర ఆగింది ఎందుకంటే, పైనుంచి నాగవేణి గుక్కపట్టి ఏడ్చింది కాబట్టి. ఇంకొంచెం ముందుకు జరిగితే అంతే.

నాగవేణి దగ్గర కూర్చున్నాను. గోధుమరంగు కళ్లు, ముక్కు కారుతోంది. దీపం ఎందుకు దింపినావమ్మా అని అడిగాను.

"అవ్వ దింపినాది కదా మేడం. పాత పుస్తకంలో."

"అవ్వ ఎందుకు దింపిందో తెలుసా?"

చేత్తో ముక్కు తుడుచుకుంది. "తెలీదు. దింపినాది, నిలబడినాది, అప్పుడే పొమ్మనింది. మాకు ఆరిపోయినాది. అందుకే వద్దంటి."

నవీన్ పాతది చదవలేదు. ఆ బడిలో పాత సుంకి ఒక్క కాపీనే ఉంది, అదీ అట్ట ఊడిపోయి. నాగవేణి దాన్ని ఇంటికి తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. సారు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదట, రోజూ అదే చదువుకునేదట.

ఆ బావి చుట్టూ ఊరివాళ్లు కంప కొట్టేసి, పైన బండలు పరిచారు. మిగతా బావులకూ కంచె వేశారు. మాధవి గారు హైదరాబాదు పోయి నెల రోజులు ఏమీ రాయలేకపోయారు. తరువాత ఆ అధ్యాయం మొత్తం తిరగరాశారు. ఇప్పుడు రెండో పుస్తకంలో దీపం ఉంది, దింపుతారు, ఆరిపోతుంది. సుంకి దిగదు. గట్టు మీద కూర్చుని పిలుస్తుంది. ఊరంతా వచ్చి కంప కొడతారు, బావికి గాలి ఆడుతుంది, చివరికి మేక తనే మెట్లెక్కి వస్తుంది, గడ్డం పెరిగి. ఎందుకు ఆరిందో అవ్వ నోట చెప్పించాం. దీపం చూసుకుని కూడా పిల్లలు ఏ బావీ దిగకూడదని మొదటి పేజీలోనే వేశాం. ఆ చివరి వాక్యం తీసేశాం. మొదటిదాంట్లో ఉన్న సాహసం ఇందులో లేదని కొందరు పాఠకులు కోప్పడ్డారు. కోప్పడనివ్వండి.

ఇంకొకటి చేశాం. మా దగ్గర సుంకి రెండో పుస్తకం విడిగా దొరకదు. పాతదీ కొత్తదీ ఒకే అట్టలో కుట్టించాం. లావైపోయిందని, ధర ఎక్కువైందని షాపులవాళ్లు గొణుగుతారు. నేను వినను. ఇరవై ఏళ్లు ఈ పని చేసి నేర్చుకున్నది ఒకటే. ఇంకొకరి పుస్తకంలో ఎందుకుందో తెలియనిది కనిపిస్తే, తీసేసే ముందు ఆ ఊరికి పోయి అడిగి రావాలి. మాధవి గారికి తెలియదు ఆ దీపం ఎందుకో, తీసేశారు. నాగవేణికీ తెలియదు, ఉంచుకుంది.

ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. ఆ పిల్ల కనుక బడికి ఆ పాత పుస్తకం తిరిగి ఇచ్చేసి ఉంటే?